పద్నాలుగో తల

ఆ వానాకాలం నా కొట్లో అమ్ముడుపోయినన్ని గొడుగులు అంతకు ముందు ఏ ఏడూ పోలేదు. అదే వానాకాలం మా ఇంట్లోంచి ఒక మనిషి వెళ్ళిపోయింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవడం నాకు అలవాటైపోయింది. వ్యాపారం చేసేవాడి బుద్ధి అంతే. ఏది వచ్చినా, దానికి బదులు ఏది పోయిందా అని వెతుక్కుంటుంది.

నాది ప్లాస్టిక్ సామాను కొట్టు. బకెట్లు, మగ్గులు, పైపులు, పట్టాలు, వానలు మొదలైతే గొడుగులు, రెయిన్‌కోట్లు. కొట్టుకి రెండు వీధుల అవతల చిన్నపిల్లల బడి ఉంది. అందరూ మూడేళ్ళవాళ్ళు, నాలుగేళ్ళవాళ్ళు. అక్కడ మా అక్క ఇరవై రెండేళ్ళుగా టీచరు. మా ఆవిడ నాలుగేళ్ళ నుంచి. ఆ ఉద్యోగం ఇప్పించింది అక్కే, పని నేర్పిందీ అక్కే. అక్క పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉండేది. మాకు పిల్లలు లేరు. పొద్దున్నే వదినా మరదళ్ళిద్దరూ ఒకే గొడుగు కింద బయల్దేరేవారు.

"గొడుగులు అమ్మేవాడి ఇంట్లో ఆడవాళ్ళకి ఒక్కటే గొడుగా?" అని పక్కకొట్టు దర్జీ ఎగతాళి చేసేవాడు.

"రెండోది ఇస్తే కబుర్లెలా చెప్పుకుంటారు?" అనేవాణ్ణి.

నిజంగానే వాళ్ళ కబుర్లు వీధి మలుపు దాకా వినిపించేవి.

సంగతి ముందు కనిపెట్టింది మా ఆవిడ. వానలు మొదలైన కొత్తలో, ఒక ఆదివారం మధ్యాహ్నం నేను కునుకు తీద్దామనుకుంటుంటే మంచం పక్కకి వచ్చి కూర్చుంది.

"ఏమండీ, వదిన పిల్లల్ని లెక్కపెట్టడం మీరెప్పుడైనా చూశారా?"

"నేనెందుకు చూస్తాను? నేనేమన్నా ఇన్‌స్పెక్టర్నా?"

"తలలు ముట్టుకుని లెక్కపెడుతోంది. ఇదివరకు చూపుతోనే లెక్కపెట్టేది, గుమ్మంలో నిలబడి ఒక్క చూపు చూస్తే చాలు. ఇప్పుడు రైలుబండి ఆట అని చెప్పి వరసలో నిలబెడుతోంది. ఒక్కొక్కడి నెత్తిమీద చెయ్యి పెట్టి ఒకటీ రెండూ అంటోంది. పిల్లలకి సరదాగానే ఉంది. నాకే భయంగా ఉంది."

అంతలో అక్క ఆరిన బట్టలు చేతినిండా పట్టుకుని లోపలికి వచ్చింది. ఎడమ భుజం గుమ్మానికి ఠక్కున కొట్టుకుంది.

"ఈ తలుపు ఏ వడ్రంగి చేశాడో గానీ రోజుకో అంగుళం ఇరుకవుతోందిరా," అంది భుజం రుద్దుకుంటూ.

మా ఆవిడ నవ్వలేదు. "వదినా, మీకు పక్కన ఉన్నవి కనిపించడం లేదు కదూ?"

అక్క బట్టలు మంచం మీద పడేసి ఒక్కొక్కటే మడతపెట్టడం మొదలుపెట్టింది. నాలుగో చొక్కా మడతపెట్టాక చెప్పింది. "డాక్టరుకి చూపించాను. కంట్లో ఒత్తిడట. పక్కల చూపు పోయింది. పోయింది రాదట. ఎదురుగా ఉన్నదైనా నిలవాలని చుక్కలు ఇచ్చాడు."

"ఎప్పుడు?" అన్నాను లేచి కూర్చుని.

"పోయిన వేసవిలో."

"మాకు చెప్పలేదేం?"

"చెప్తే ఏం చేస్తావురా? నీ కొట్లో కళ్ళు అమ్ముతావా?"

మా ఆవిడ ఆమె చేతిలోంచి చొక్కా తీసుకుంది. "మేడమ్‌కి చెప్పాలి వదినా. నేను కాదు, మీరే చెప్పాలి. బడి మానేయమనడం లేదు. కథలు చెప్పండి, పాటలు నేర్పండి. పెరట్లో కాపలా మాత్రం వద్దు."

"ఆవిడ సంగతి నీకు తెలీదు అమ్మాయ్. కాపలా కాయలేనంటే బడికే రావద్దంటుంది." అక్క ఇంకో చొక్కా తీసి మడతపెట్టింది. తరవాత, "సరేలే. రేపు సోమవారం కదా, చెప్తాను," అంది.

అక్కడితో అయిపోవాల్సింది. ఇద్దరు టీచర్లు కూర్చుని తమ పని సంగతి తామే తేల్చుకున్నారు. మూడోవాణ్ణి నేను తలదూర్చాను.

"ఆగండి, అంత తొందరేముంది?" అన్నాను. నాకు రెండు వైపులా సర్దిచెప్పడం చేతనవును, పాతికేళ్ళుగా అదే పని. "వానలు తగ్గగానే సెలవులొస్తాయి. అప్పుడు అక్క తనంతట తనే మానేస్తుంది. ఫొటో తీయించి మరీ గౌరవంగా పంపిస్తారు. ఇప్పుడు కళ్ళు కనిపించవని చెప్పి పోవడం ఎందుకు? అక్క ముందు ఉంటుంది, నువ్వు వెనక ఉండు. నువ్వు చూస్తుంటావు, అక్క చెయ్యాల్సింది చేస్తుంది. మూడు నెలలే కదా!"

మా ఆవిడ అక్క వైపు చూసింది. అక్క నా వైపు చూసింది. ఇద్దరిలో ఎవరూ మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు, ఎవరూ కాదనలేదు. నా వ్యాపారంలో దాన్ని కుదిరిన బేరం అంటారు.

మర్నాడు కొట్లో ఎవరూ లేనప్పుడు మూరెడు పైపు ముక్క తీసి కంటికి పెట్టుకుని చూశాను. ఎదురుగా తూకం బల్ల కనిపించింది. ఇంకేమీ లేదు. "రెయిన్‌కోటుందా?" అని ఎవరో అడిగితే ఆ గొంతు ఎటునుంచి వచ్చిందో వెతుక్కోవాల్సొచ్చింది. పైపు తీసి కింద పెట్టేశాను. నాకైతే తీసి పెట్టేయడం కుదిరింది.

ఐదు వారాలు నా ఏర్పాటు చక్కగానే నడిచింది. ఆ బడిలో ఒక పద్ధతి ఉంది. పిల్లలు పెరట్లోంచి లోపలికి వచ్చేటప్పుడు ఒక టీచరు గుమ్మంలో నిలబడి లెక్కపెట్టాలి. రెండో టీచరు పెరడంతా ఒకసారి తిరిగి, అందరికన్నా చివర వచ్చి తలుపు వెయ్యాలి. వాళ్ళ గదిలో పిల్లలు పద్నాలుగు మంది. అక్క ముందు తలలు ముట్టుకునేది. మా ఆవిడ వెనక కళ్ళలో వత్తులు వేసుకుని చూసేది.

భోజనాల దగ్గర ఆ ముచ్చట్లు వినేవాణ్ణి. ఒకడికి మా ఆవిడ 'బొంగరం' అని పేరు పెట్టింది. ఒక్కచోట నిలవడు. వాడికి అక్క చెయ్యి నెత్తిమీద పడితే ఎంత ఇష్టమంటే, ముందు ఒకసారి తల పెట్టి, అక్క ఎడమ పక్కనుంచి జారుకుని, వరస చివరికి పోయి మళ్ళీ నిలబడతాడు.

"రెండోసారి తల పెట్టబోతుంటే చెవి పట్టుకుని లాగాను," అని మా ఆవిడ నవ్వింది. "'నీ లెక్క అయిపోయింది, పోరా' అన్నాను. 'ఇంకోటి' అంటాడు!"

అక్క కూడా నవ్వింది. "వెధవ, నన్నే మోసం చేస్తాడూ?" అంది మురిపెంగా.

నేనూ నవ్వాను. సరుకులో లోపం చేత్తో పట్టుకున్నంత స్పష్టంగా కనిపిస్తుంటే, కొట్టువాణ్ణై ఉండి, నవ్వాను.

ఆ గదిలోనే ఇంకో పిల్ల ఉంది. మూడేళ్ళది. నెమ్మది. బూట్లు వేసుకోవడానికి పావుగంట పట్టేది, ఎవరు సాయం చేసినా ఒప్పుకునేది కాదు. దానికి 'నత్తమ్మ' అని పేరు.

ఒక గురువారం పొద్దున్నుంచి ముసురు. పదకొండింటికి కాస్త తెరిపిచ్చింది. ఆ తెరిపిలోనే నా సరుకు లారీ వచ్చి కొట్టు ముందు ఆగింది. అన్నీ రెయిన్‌కోట్ల కట్టలే. కొట్లో పనిచేసే కుర్రాడు ఆ రోజు రాలేదు. కట్టలు దింపించుకోవాలంటే గల్లా దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి. బడికి ఫోన్ చేశాను.

"ఒక్క అరగంట వచ్చి వెళ్ళవే."

"పిల్లలు ఇప్పుడే పెరట్లోకి వచ్చారండీ. మేడమ్ కూడా లేరు, ఏదో ఆఫీసు పనిమీద వెళ్ళారు."

"అక్క ఉందిగా. ఆయా ఉందిగా. లారీ వాడు గొడవ చేస్తున్నాడు, మళ్ళీ వాన పడితే సరుకంతా పాడు."

ఫోన్‌లోనే అక్క గొంతు వినిపించింది. "వెళ్ళిరా అమ్మాయ్, నేను చూసుకుంటాలే."

వచ్చింది. ఆవిడ వచ్చిన పావుగంటకి వాన మళ్ళీ అందుకుంది. నేను కట్టలు లోపలికి వేయిస్తున్నాను. మా ఆవిడ గల్లా దగ్గర నిలబడి వీధిలోకే చూస్తోంది.

"పిల్లల్ని లోపలికి తీసుకెళ్ళి ఉంటుందంటారా?"

"మీ వదినకి వాన కొత్తా?"

"నేను వెళ్తానండీ."

"ఇంకో పది కట్టలు. ఐదు నిమిషాలు."

నా అరగంట గంటయింది.

పన్నెండున్నరకి ఆవిడ బడి పక్క గేటు తీసింది. పెరట్లో ఎడమ మూల, గోడ వారగా జారుడుబల్ల ఉంటుంది. ఆ వైపు కిటికీ లేదు. జారుడుబల్ల కింద నత్తమ్మ కూర్చుని ఉంది. ఒక కాలికి బూటు ఉంది. రెండో బూటు చేతిలో ఉంది, నిండా బురద. బట్టలు ఒంటికి అతుక్కుపోయాయి. ఏడవడం లేదు. ఏడవడం ఎప్పుడో అయిపోయినట్టుంది.

"టీచర్, ఇది ఎక్కట్లేదు," అంది బూటు చూపించి.

మా ఆవిడ దాన్ని చంకనేసుకుని లోపలికి పరిగెత్తింది. లోపల తలుపులు వేసి ఉన్నాయి. అక్క కథ చెబుతోంది. పదమూడు మంది నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. ఆయా వెనక గదిలో చాపలు పరుస్తోంది.

మా ఆవిడ పిల్లని అక్క ఎదురుగా నిలబెట్టింది. అక్క అలవాటుగా దాని తలమీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"పద్నాలుగు ముట్టుకున్నాను అమ్మాయ్," అంది. "నా చేత్తో పద్నాలుగు ముట్టుకున్నాను."

మా ఆవిడ బొంగరం వైపు చూసింది. వాడు సిగ్గుపడుతూ నవ్వాడు.

ఇద్దరూ కలిసి నత్తమ్మ తల తుడిచారు, బట్టలు మార్చారు, వేడి పాలు పట్టారు. మేడమ్ వచ్చేసరికి పిల్ల నిద్రపోతోంది. సాయంత్రం తల్లి వచ్చింది. ఆవిడ ఒక ల్యాబులో పనిచేస్తుంది, ఎప్పుడూ పరుగుమీదే ఉంటుంది.

"ఈ బట్టలేంటి టీచర్?" అంది.

"నీళ్ళు ఒలికాయమ్మా," అంది అక్క.

మా ఆవిడ పక్కనే ఉంది. నోరు తెరవలేదు. తల్లి, "మీకు రోజూ శ్రమే," అని తడిబట్టల సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. మా ఆవిడే మొదలుపెట్టింది.

"రేపు మేడమ్‌కి చెప్పేద్దాం వదినా. ఇద్దరం వెళ్ళి చెబుదాం. నేను పని వదిలేసి వెళ్ళడం కూడా చెప్తాను."

"పిల్లకి ఏమీ కాలేదు కదా," అన్నాను. "కానిదానికి ఎందుకు తవ్వుకోవడం?"

"మీరు పిలిచారు కాబట్టి అలా అంటున్నారు."

ఆవిడ అక్క వైపు తిరిగింది. "మొదటి రోజు మీరు నాకేం నేర్పారు? పిల్ల పడినా, గీరుకున్నా, ముందు ఎవరికి చెప్పాలన్నారు?"

"తల్లికి," అంది అక్క.

"ఇవాళ తల్లి అడిగింది కదా."

అక్క కంచంలో చెయ్యి కడిగేసుకుంది. నేను పుట్టి బుద్ధెరిగాక ఆమె అలా బతిమాలడం వినలేదు. "ఈ ఒక్కసారికి నన్ను వదిలెయ్యి అమ్మాయ్. ఇరవై రెండేళ్ళలో ఒక్క పిల్ల చెయ్యి విరిగింది లేదు, ఒకరిచేత మాటపడింది లేదు. రేపటినుంచి పెరట్లో అడుగుపెట్టను. మోకాళ్ళు నొప్పులని చెప్తాను. సెలవులకి మానేస్తాను. పిల్లల మధ్య నుంచి నన్ను ఇలా పంపించకు."

మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆ మర్నాడు వెళ్ళి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఉద్యోగం ఇప్పించిన మనిషి, పని నేర్పిన మనిషి, వయసులో పెద్దదైన వదిన చేతులు పట్టుకుంటే, చెప్పడం అంత తేలికేం కాదు.

సోమవారం నత్తమ్మ బడికి రాలేదు. మంగళవారం కొట్టు తెరిచేసరికి దాని తల్లి గుమ్మంలో ఉంది.

"చిన్న బకెట్టు, ఒక మగ్గు, ఫ్లాస్కు ఇవ్వండి."

పాతికేళ్ళ కొట్టులో ఒకటి నేర్చుకున్నాను. ఈ మూడూ కలిపి అడిగారంటే ఇంట్లో ఎవరో ఆసుపత్రిలో చేరారని. ఇలాంటివాళ్ళు రంగు చూసుకోరు, బేరమాడరు.

"ఎవరికమ్మా?" అన్నాను, తెలిసే.

"పాపకండీ. శనివారం నుంచి జ్వరం. ఊపిరితిత్తులకి పట్టిందంటున్నారు. వానలో ఏమన్నా తడిసిందా అని డాక్టరు గుచ్చి గుచ్చి అడుగుతున్నాడు. లేదని చెప్పాను. తడిస్తే టీచరుగారు చెప్పరూ? మీ అక్కగారి చేతిలో పెట్టి నేను నిశ్చింతగా వెళ్తాను."

ఆవిడకీ నాకూ మధ్య గల్లా బల్ల ఒక్కటే ఉంది. ఒక్క మాట చాలు. నేను ఫ్లాస్కు మూత సరిగ్గా పడుతోందో లేదో రెండుసార్లు తిప్పి చూశాను. మంచి రకం బకెట్టు తీసిచ్చాను. "తగ్గిపోతుందిలెండి," అన్నాను.

ఆ సాయంత్రం ఇంట్లోనూ చెప్పలేదు. రేపటికి తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గితే ఎవరికీ ఏ బాధా ఉండదు కదా అనుకున్నాను.

పిల్ల ఆసుపత్రిలో ఉందని బుధవారం బడిలో తెలిసింది. గురువారం సాయంత్రం మేడమ్ ఆ గది టీచర్లిద్దరినీ వెళ్ళి చూసి రమ్మంది. తోటిపిల్లలు గీసిన బొమ్మల కాగితాలు పట్టుకుని ఇద్దరూ వెళ్ళారు. అక్కడ జరిగింది నేను చూడలేదు, మా ఆవిడ చెప్పగా విన్నాను. చెప్పింది కూడా ఒకే ఒక్కసారి.

మంచం కింద బకెట్టు ఉందట. దానిమీద మన కొట్టు చీటీ ఇంకా అంటుకునే ఉందట. పిల్ల ముక్కుకి గొట్టం పెట్టారు. తల్లి, "కూర్చోండి టీచర్," అని ఉన్న ఒక్క స్టూలూ అక్క వైపు జరిపింది. అక్క కూర్చోలేదు. మా ఆవిడ బొమ్మల కాగితాలు దుప్పటి మీద పెట్టి, వాటిని సర్దుతూ, "గురువారం పాప వానలో తడిసిందమ్మా. ముప్పావుగంట. మేము మీకు అబద్ధం చెప్పాం. డాక్టరుగారికి చెప్పండి," అంది.

అంతే. గట్టిగా కూడా అనలేదట. పక్క మంచం వాళ్ళు తల తిప్పి చూడలేదట.

"ఈ అమ్మాయి అప్పుడు అక్కడ లేదమ్మా," అంది అక్క. "వదిలేసి వచ్చింది నేను. అబద్ధం ఆడిందీ నేనే."

తల్లి లేచి వెళ్ళి, జరిపిన స్టూలు మళ్ళీ తన వైపుకి లాక్కుని కూర్చుంది.

ఆసుపత్రి నుంచి మా ఆవిడ తిన్నగా కొట్టుకి వచ్చింది. గిరాకీ ఉంది, అది కూడా చూడలేదు.

"ఆమె బకెట్టు ఎప్పుడు కొంది?"

"మంగళవారం."

"ఏమంది?"

చెప్పాను. ఆవిడ విని, కొంగు భుజం మీదికి లాక్కుని ఇంటికి వెళ్ళిపోయింది. నన్ను ఒక్క మాట అంటే బాగుండేది.

పిల్ల బతికింది. ఇరవై రోజులు ఉండి, సగమై ఇంటికి చేరింది. వాళ్ళు దాన్ని మళ్ళీ ఆ బడికి పంపలేదు. సంగతి తెలిసి మేడమ్ మర్నాడే అక్కని రావద్దంది. మా ఆవిడకి గట్టి హెచ్చరిక ఇచ్చి ఉంచుకుంది, నిజం చెప్పింది కాబట్టి. ఆ ఉంచుకోవడం శిక్షకన్నా తక్కువేమీ కాలేదు. పక్క గదుల టీచర్లు ఆవిడ వస్తే మాటలు ఆపేసేవారు. "ఇంటి మనిషినే వదల్లేదు, మనల్ని వదులుతుందా?" అని ఆయాతో అన్నారట. ఆయా ఆ మాట తెచ్చి ఆవిడ చెవిలోనే వేసింది.

అక్క పది రోజులు ఇంట్లో ఉంది. ఇద్దరూ దెబ్బలాడుకోలేదు. అదే చూడలేకపోయాను. పొద్దున్నే మా ఆవిడ తల దువ్వుకుంటుంటే అక్క ఎదురుగా కూర్చుని ఉండేది, చేతుల్లో పని లేకుండా. చప్పుడు కాకుండా తయారవాలని మా ఆవిడ గాజులు కూడా ఒడిసిపట్టుకునేది. గుమ్మం దాటుతూ, "వెళ్ళొస్తాను వదినా," అనేది. "ఊఁ," అనేది అక్క. ఆ తరవాత రోజంతా ఉండేది అక్కకి.

పదకొండో రోజు నాతో అంది. "పాత ఆయా గుర్తుందా? ఊరికి వెళ్ళిపోయింది చూడు. ఒక్కతే ఉంటోంది, రమ్మంటోంది. వెళ్తానురా."

"కోపం వచ్చిందా నీకు?"

"దానిమీద ఎందుకు కోపం? నేను చెయ్యాల్సింది అది చేసింది. రోజూ అది బడికి బయల్దేరుతుంటే చూస్తూ కూర్చోవడం నావల్ల కావడం లేదు, అంతే. దానికీ ఆ బాధ ఎందుకు?"

"ఆ మాట తనతో చెప్పు."

"చెప్తే ఆగిపొమ్మంటుంది. ఆగిపోతాను."

వానలు వెనకపట్టాయి. శనివారం మధ్యాహ్నం కొట్టు మూసి అక్కని బస్టాండుకి తీసుకెళ్ళాను. మా ఆవిడ బడిలో ఉంది. ఆ వేళ చూసుకునే అక్క బయల్దేరింది. దారిలో నా పాత విద్య ఊరుకోలేదు. "పోనీ ఒక నెల ఉండి వచ్చెయ్యి. ఈలోగా తనకి ఇంకో బడి చూస్తాను. ఇద్దరికీ ఇబ్బంది లేకుండా..."

"చాలురా తమ్ముడూ," అంది. కసురుకోలేదు. అలసిపోయిన గొంతుతో అంది.

బస్సు ఎడమవైపు నుంచి వచ్చింది. అది ఎదురుగా ఆగేదాకా అక్కకి తెలియలేదు. జనం తోసుకుంటున్నారు. మోచెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. నేను సంచి పట్టుకుని వెనక నిలబడ్డాను. మొదటి మెట్టు మీద కాలు జారింది. పక్కనున్న కడ్డీ దొరకబుచ్చుకుని నిలదొక్కుకుంది. "తొందరగా ఎక్కమ్మా!" అని ఎవరో అరిచారు. తడుముకుంటూ ఎక్కింది. కిటికీలోంచి సంచి అందించాను. తిన్నగా ముందుకే చూస్తూ అందుకుంది.

సాయంత్రం మా ఆవిడ వచ్చి అక్క గది చూసింది. మంచం మీద దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది. చాలాసేపు ఆ గుమ్మంలోనే నిలబడింది. తరవాత వచ్చి నా పక్కన కూర్చుంది. అక్కకి కోపం లేదని చెప్పాను. తల ఊపింది.

"చెయ్యి పట్టుకుని ఎక్కించారా?"

"పట్టుకోనివ్వలేదు."

"పోనీ, ఎన్ని మెట్లున్నాయో చెప్పారా?"

ఆ బస్సుకి మూడు మెట్లు. వెనకే నిలబడి చూస్తూనే ఉన్నాను.

"లేదు," అన్నాను.

"చెప్పాల్సింది," అంది మా ఆవిడ.